నవ్వు బీపీ

ఆ ఇంట్లో నవ్వు ఎవరి దగ్గర మొదలవుతుందో, ఎవరి దగ్గర ఆగుతుందో ఆ దేవుడికే తెలియాలి. కింద పరుపులు కుట్టే దుకాణం, పైన కాపురం. దూది ఏకే మిషను బరబరమంటూ తిరుగుతుంటే ఒకరి మాట ఒకరికి వినబడక అందరూ అరిచి మాట్లాడేవాళ్ళు. మిషను ఆపాక కూడా ఆ అలవాటు పోక అలాగే అరిచేవాళ్ళు. జుట్టులో దూది, కనుబొమల మీద దూది, చెవుల్లో దూది. సాయంత్రానికి ఆ ఇంటిల్లిపాదీ కాళ్ళొచ్చిన దిండ్లలా ఉండేవాళ్ళు. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వడానికి వేరే కారణం కావాలా?

ఇంటికి పెద్ద దిక్కు పరుపులమ్మ. దబ్బనం పట్టిందంటే ఆమెకి లోకం తెలియదు. పరుపు మూతి కుట్టడంలో ఆమెకు సాటి లేరు. ఆమె మొగుడు పరుపులాయన దూది ఏకుతాడు, జోకులు వేస్తాడు, రెండూ ఒకేలా గాల్లో తేలిపోతాయి. కొడుకు కుట్టిన పరుపులను మూడు చక్రాల బండిలో వేసుకుని ఇళ్ళకు చేరవేస్తాడు. ఇహ మిగిలింది కోడలు. ఆమెకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఏదో ఉంది గానీ, ఈ ఇంట్లో అందరూ గలగల అనే పిలుస్తారు. కాపురానికొచ్చిన మొదటి రోజే సగం కూరిన పరుపు మీద కూర్చుని మెడదాకా అందులో కూరుకుపోయింది. లాగమని చెయ్యి చాపాల్సింది పోయి, నవ్వడం మొదలెట్టింది. లాగడానికి వెళ్ళినవాళ్ళకీ నవ్వొచ్చి చేతుల్లో బలం లేకుండా పోయింది. ఆ పూట కొత్తకోడలు పరుపులోంచే టీ తాగింది. పరుపులమ్మకి ఆ క్షణమే ఆ పిల్ల కడుపున పుట్టిన కూతురికంటే ఎక్కువైపోయింది.

అలాంటి గలగల నెల తప్పింది.

డాక్టరమ్మ దగ్గరికి అత్తాకోడళ్ళిద్దరూ వెళ్ళారు. డాక్టరమ్మ అన్నీ అడిగి, చివర్లో, "మీ అమ్మగారికి కాన్పులప్పుడు ఏమైనా ఇబ్బంది అయిందా?" అంది.

"నేను పుట్టడమేనండీ పెద్ద ఇబ్బంది," అని నవ్వింది గలగల. మళ్ళీ తనే కొంచెం తగ్గి, "నెలలు నిండకముందే అమ్మకి బీపీ పెరిగిపోయి మూర్ఛ వచ్చిందట. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడిందని అమ్మమ్మ చెప్పేది," అంది.

డాక్టరమ్మ రాస్తున్నదల్లా కలం ఆపింది. "ఇది మీకు తొలి కాన్పు. పైగా తల్లికి వచ్చింది. అంటే మీకు కచ్చితంగా వస్తుందని కాదు, మనం కళ్ళు తెరుచుకుని ఉండాలని. ఈ జబ్బు దొంగలాంటిది. జ్వరం రాదు, నొప్పి రాదు. లోపల రక్తపోటు పెరుగుతుంది. మొదట్లోనే పట్టుకున్నామా, మన చేతిలో ఉంటుంది. ఆలస్యమైతే తల్లికీ ముప్పే, బిడ్డకీ ముప్పే," అంది. మూడో నెల దాటుతూనే రోజూ రాత్రి పడుకునే ముందు వేసుకోమని చిన్న మాత్ర రాసింది. అది ఆస్పిరినేనట, కానీ చిన్న మోతాదు. "మీకు అవసరం కాబట్టి ఇస్తున్నా. వీధిలో ఇంకో గర్భిణీకి మీరు పంచిపెట్టకండి," అని పరుపులమ్మ మొహం చూసి మరీ చెప్పింది. ఎలా కనిపెట్టిందో!

ఇంకో మాట కూడా చెప్పింది. ఇంట్లో బీపీ మిషను పెట్టుకుని పొద్దునా సాయంత్రమూ కొలవాలి. వీపు ఆనించి, కాళ్ళు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా అయిదు నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చున్నాక కొలవాలి. పైనంబరు నూటనలభై గానీ, కిందనంబరు తొంభై గానీ తాకితే కబురు పెట్టాలి. "మాట్లాడకూడదు, నవ్వకూడదు," అంది.

పరుపులమ్మ గుండె అక్కడే జారింది. మాత్ర వేయించడం ఎంతసేపు? ఈ పిల్లని అయిదు నిమిషాలు నవ్వకుండా కూర్చోబెట్టడం ఎవరి తరం?

అనుకున్నంతా అయింది. మొదటి రోజు సాయంత్రం గలగలని కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి పట్టీ చుట్టి, కొడుకు బటన్ నొక్కాడు. మిషను బుర్రుమంది. పట్టీ బిగుసుకుంది. గలగల కిసుక్కుమంది.

"నవ్వకమ్మా. మిషను నిన్ను చూసి జడుసుకుంటోంది," అన్నాడు పరుపులాయన.

"నేనేం చెయ్యను మామయ్యగారూ! అది నా చెయ్యి పిసుకుతోంది. అదీ మెల్లగా, మొహమాటపడుతూ!"

"నేను చెయ్యి పట్టుకుంటే లేని నవ్వు మిషను పట్టుకుంటే ఎలా వస్తోంది నీకు?" అన్నాడు కొడుకు.

"నోర్ముయ్యరా, పెద్దవాళ్ళం ఇక్కడ చెట్టంత మనుషులం ఉంటేనూ," అని కసిరింది పరుపులమ్మ. కసిరిందే గానీ తనకీ నవ్వొచ్చి కొంగు నోట్లో కుక్కుకుంది. "పోనీ తల్లీ, ఏదైనా ఏడుపు సంగతి తలుచుకో."

"మా నాన్న పోయిన రోజు సంగతి చెబుతా విను," అంటూ పరుపులాయన గొంతు సవరించుకున్నాడు. "మూడుసార్లు పోయాడమ్మా ఆయన. పోయాడనుకుని అందరం చుట్టూ చేరి ఘొల్లుమనడం, ఆయన కళ్ళు తెరిచి 'ఈ పరుపు బాగా కుదిరిందిరా, ఇంకో పూట ఉంటాను' అనడం. నాలుగోసారి నిజంగా పోతే మేమెవరం నమ్మలేదు. టీ పెట్టుకుని తాగాం."

పట్టీ చిరచిరమంటూ ఊడిపోయింది. గలగల కుర్చీలోంచి కిందికి జారింది. మిషను ఏదో అక్షరం చూపించి కళ్ళు మూసేసింది. వాళ్ళ మొహాలు చూసి అది కూడా విసిగిపోయినట్టుంది.

నాలుగు రోజులు ఇదే భాగోతం. ఓసారి నూటముప్ఫయ్యెనిమిది, ఓసారి నూటయాభై, ఓసారి అసలు నంబరే లేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళి కొలిపిస్తే శుభ్రంగా నూటపది. అక్కడ ఎందుకు నవ్వు రాలేదంటే, అక్కడి నర్సమ్మ మొహం అలాంటిది. చీర మడతలే కాదు, మొహం కూడా ఇస్త్రీ చేయించుకుని వచ్చినట్టుంటుంది. పరుపులమ్మ మనసులో ఆమెకి ఇస్త్రీ నర్సు అని పేరు పెట్టేసింది. ఆ ఇస్త్రీ నర్సే అంది: "నవ్వుతూ కొలిస్తే వచ్చేది బీపీ కాదమ్మా, నవ్వు బీపీ. నవ్వు ఆగాక మళ్ళీ కొలవండి. సరిగ్గా వచ్చిన నంబరు నాకు ఫోన్లో పంపండి."

నవ్వు బీపీ! ఆ మాట వీళ్ళకి ఎంత నచ్చిందంటే, దారి పొడుగునా అదే అనుకుంటూ వచ్చారు. అందులో సగం మాట ఇంటికొచ్చింది. 'మళ్ళీ కొలవండి' అన్న సగం ఆసుపత్రి మెట్ల మీదే జారిపోయింది.

ఇలా ఉండగా ఓ సాయంత్రం పరుపులమ్మ తమ్ముడు వచ్చాడు.

ఈయన గురించి కొంచెం చెప్పాలి. వీధి వీధికీ నీళ్ళు వదిలే వాల్వులు తిప్పడం ఈయన ఉద్యోగం. తిప్పీ తిప్పీ రిటైరయ్యాడు. వెనక వీధిలో ఒంటిగా ఉంటాడు. మనిషి మెత్తనివాడు, చీమకి దారిచ్చే రకం. కానీ నోరు తెరిస్తే వాల్వు కథే. అది వింటే మేలుకున్నవాడు నిద్రపోతాడు, నిద్రపోయేవాడికి ఇంకా గాఢంగా పడుతుంది. ఆయన చెప్పుల చప్పుడు వినబడితే చాలు, పరుపులాయన దూది లేకుండానే మిషను ఆడించేవాడు. కొడుకు ఖాళీ పరుపు గలేబులోకి దూరి పడుకునేవాడు. పరుపులమ్మే, సొంత అక్క అయ్యుండీ, నోట్లో దారం పెట్టుకుని మాట్లాడలేనన్నట్టు చేతులు తిప్పేది. ఆయనకి వీధంతా పెట్టిన పేరు వాల్వు.

ఆ రోజు మాత్రం గలగల తప్పించుకోలేకపోయింది. చేతికి పట్టీతో కుర్చీలో కూర్చుని ఉంది మరి.

"అసలు సంగతేంటంటే అమ్మాయ్," అని మొదలెట్టాడు వాల్వు, స్టూలు లాక్కుని. "మూడో నంబరు వాల్వు ఉందే, అది మిగతావాటి లాంటిది కాదు. మిగతావి కుడికి తిప్పితే మూసుకుంటాయి. ఇదీ కుడికి తిప్పితేనే మూసుకుంటుంది. కానీ కొంచెం ఆగి మూసుకుంటుంది. ఒకరోజు ఆ వీధి చివరింటికి నీళ్ళు రాలేదు. ఆఫీసరుగారే స్వయంగా వచ్చారు. ఆయనకి జలుబు. నెల్లాళ్ళుగా జలుబే. జేబురుమాలు మూతికి అడ్డం పెట్టుకునే మాట్లాడేవారు. సరే, మొదటి జాయింటు విప్పాం. నీళ్ళున్నాయి. బిగించాం. రెండో జాయింటు దగ్గరికి నడిచాం. విప్పాం. నీళ్ళున్నాయి. బిగించాం..."

గలగల కళ్ళు బరువెక్కాయి. భుజాలు దిగాయి. ఊపిరి నెమ్మదించింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న పరుపులమ్మకి బుర్రలో దీపం వెలిగింది. తమ్ముడి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి, రెండో చేత్తో బటన్ నొక్కింది. మిషను బుర్రుమంది. గలగల నవ్వలేదు.

నూటపన్నెండు, డెబ్బయి.

పరుపులమ్మ మునివేళ్ళ మీద నిలబడి చప్పుడు లేకుండా గంతులేసింది. గది అవతల పరుపులాయన గోడకి చేరగిలబడి అప్పటికే గుర్రు పెడుతున్నాడు.

"ఒరేయ్ తమ్ముడూ, రేపు పొద్దున కూడా రారా!"

వాల్వు వెనక్కి తిరిగి చూశాడు, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని. "నన్నేనా అక్కా?"

"నిన్నే. సాయంత్రం కూడా రా. రోజూ రా."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పాపం, ఆ మాట ఆయనతో అన్నవాళ్ళు ఇంతవరకూ లేరు.

అలా వాల్వుకి ఆ ఇంట్లో ఉద్యోగం దొరికింది. పొద్దునా సాయంత్రమూ ఆయన కోసం మెత్తటి దిండు వేసిన స్టూలు, వేడి టీ. పద్ధతి కూడా కుదిరిపోయింది. ఆయన అయిదు నిమిషాలు చెబుతాడు. గలగల నవ్వు మంచం ఎక్కుతుంది. అక్క వేలెత్తగానే ఆయన ఏ జాయింటు దగ్గరున్నా అక్కడే టక్కున ఆగిపోవాలి, ఎందుకంటే కొలిచేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదని డాక్టరమ్మ ఆజ్ఞ. మర్నాడు మళ్ళీ మొదటి జాయింటు నుంచి. నెలలు గడిచాయి గానీ ఆ కథ నాలుగో జాయింటు దాటలేదు.

"చివరింటికి నీళ్ళొచ్చాయా బాబాయిగారూ?" అనేది గలగల ఆవలిస్తూ.

"వస్తాయమ్మా, వస్తాయి. తొందరేముంది," అనేవాడు వాల్వు.

కడుపు పెరిగింది. రాత్రి మాత్ర ఒక్క పూట మానలేదు. నంబర్లు బుద్ధిగా ఉన్నాయి. కొడుకు వాటిని ఇస్త్రీ నర్సుకు పంపేవాడు. ఎప్పుడైనా వాల్వు రావడం ఆలస్యమై, ఆగలేక కొలిస్తే కాస్త ఎక్కువొచ్చేది. "అది నవ్వు బీపీ," అని కొట్టిపారేసి, ఆయన వచ్చాక వచ్చిన మంచి నంబరే పంపేవాడు. దానికేముంది, అని అందరూ అనుకున్నారు. ముప్పంతా అందులోనే ఉంది మరి.

ఎనిమిదో నెల నడుస్తుండగా వాల్వుకి గొంతు పోయింది. మామూలుగా పోవడం కాదు, గాలి తప్ప మాట రాలేదు. వారం రోజులు మాట్లాడితే ఊరుకోనన్నాడట గొంతు డాక్టరు. ఆయన ఇంట్లో తలుపేసుకుని వేడినీళ్ళు పుక్కిలిస్తూ కూర్చున్నాడు.

మొదటి రోజు నూటముప్ఫయ్యారు. "మావయ్య లేడుగా," అన్నాడు కొడుకు. మర్నాడు నూటనలభైరెండు. "నవ్వు బీపీ," అన్నాడు పరుపులాయన. ఆ మర్నాడు ఇంకాస్త. ఒక్కటీ నర్సుకు చేరలేదు. మావయ్యకి గొంతు రాగానే అసలు నంబరు పంపుదామనుకున్నాడు కొడుకు. గలగల చేతి ఉంగరం వేలికి పట్టేసింది. మొహం ఉబ్బింది. పరుపులమ్మకి అది చూసి ముచ్చటేసింది కూడా. "ఇన్నాళ్ళకి మొహం నిండింది తల్లీ, కొత్త దిండులా ఉన్నావు," అంది. దిండ్లు కుట్టేవాళ్ళకి ఉబ్బిందల్లా అందమే.

ఆ మధ్యాహ్నం కింద దుకాణంలో ఓ విశేషం జరిగింది. పరుపులాయనకి బుద్ధి పుట్టి తనూ పరుపు అంచు కుట్టడానికి కూర్చున్నాడు. కుట్టాడు, ముడేశాడు, పళ్ళతో దారం తెంపాడు. గొప్పగా లేచాడు. ఆయనతోపాటు పరుపు కూడా లేచింది. చొక్కా అంచు పరుపు అంచులో కలిపి కుట్టేసుకున్నాడు మహానుభావుడు! ముందుకి నడిస్తే పరుపు వెనకాల వస్తోంది. వెనక్కి తిరిగితే అదీ తిరుగుతోంది.

"ఇది నన్ను వదలదే, నీకంటే ఘోరంగా ఉంది," అన్నాడు పెళ్ళాంతో.

కొడుకు నేల మీద పడి దొర్లాడు. పరుపులమ్మకి నవ్వి నవ్వి డొక్కలు పట్టేశాయి. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, కోడలు ఎలా నవ్వుతోందో చూద్దామని మెట్ల వైపు తలెత్తింది.

గలగల మెట్టు మీద కూర్చుని ఉంది. రెండు చేతుల్తో తల పట్టుకుని, మామగారిని, మామగారి వెనకాల పరుపునీ చూస్తోంది. నవ్వడం లేదు.

పరుపులమ్మ నవ్వు దారం తెగినట్టు తెగింది.

"ఏమైంది తల్లీ?"

"తలనొప్పిగా ఉంది అత్తయ్యా. పొద్దున్నించీ వదలట్లేదు."

"పొద్దున మిషను ఎంత చూపించింది?"

"ఎక్కువే. నవ్వు బీపీ అన్నారుగా మీ అబ్బాయి."

"నవ్వావా?"

గలగల ఆలోచించింది. "లేదత్తయ్యా."

"నిన్న?"

"లేదు. రెండ్రోజుల్నించీ నవ్వొస్తేగా."

"నవ్వకుండా నవ్వు బీపీ ఎక్కణ్ణించి వస్తుందే!" అని పరుపులమ్మ పెట్టిన కేకకి దూది గాల్లోకి లేచింది.

"మావయ్య లేడు కదమ్మా, అందుకనీ..." అని కొడుకు నసిగాడు.

"అయితే మావయ్యనే తీసుకురా. నువ్వు బండి బయటికి తియ్యి, ఆసుపత్రికి వెళ్ళేది వెళ్ళేదే. దారిలోనే కదా వాడిల్లు."

బండిలో ఎవరికో చేరవేయాల్సిన కొత్త పరుపులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. గలగలని వాటి మీదే ఎడమవైపు తిప్పి పడుకోబెట్టారు. ఏ మహారాణీ అంత మెత్తగా ఆసుపత్రికి వెళ్ళి ఉండదు. పరుపులాయన చొక్కా కత్తిరించడానికి కత్తెర ఎవరి కంటా పడలేదు. "వదిలెయ్యండి, నేనిలాగే ఎక్కుతా," అని పరుపుతో సహా ఎక్కేశాడు. వెనక వీధిలో వాల్వు గుమ్మంలోనే ఉన్నాడు, మెడ చుట్టూ తువ్వాలుతో. అక్క మొహం చూసి ఒక్క మాట అడగలేదు, ఎక్కి కూర్చున్నాడు.

ఆసుపత్రి గేటు దగ్గర బండి ఆగింది. ఇస్త్రీ నర్సు గబగబా ఎదురొచ్చింది. "మంచం మేమిస్తాం కదండీ, పరుపు ఎందుకు తెచ్చారు?" అని పరుపులాయన్ని అడిగింది.

"తేలేదమ్మా, అదే వచ్చింది," అన్నాడు ఆయన.

లోపల గలగలని కూర్చోబెట్టి నర్సమ్మ పట్టీ చుట్టబోయింది. పరుపులమ్మ ఆపింది. "అయిదు నిమిషాలమ్మా. వీడు పక్కన కూర్చుంటాడు. నంబరు మీద మాకు మళ్ళీ అనుమానం ఉండకూడదు."

వాల్వు వంగి, పోయిన గొంతుతోనే, గుసగుసగా అందుకున్నాడు. "మొదటి జాయింటు విప్పాం... నీళ్ళున్నాయి... బిగించాం..." ఆ గాలిమాటకే పక్క మంచం మీది ఆవిడ నిద్రపోయింది. పరుపులాయన తన పరుపు మీద తనే ఒరిగాడు. గలగల కళ్ళు మూసుకుంది. అక్క వేలెత్తింది, తమ్ముడు ఆగాడు, మిషను తిరిగింది.

నూటయాభైనాలుగు, వంద.

వాల్వు కథకి కూడా దిగలేదంటే ఇది నిజంగా నిజమైనదే.

మూత్రం పరీక్ష చేశారు, రక్తం తీశారు, బిడ్డ గుండె విన్నారు. మూత్రంలో ప్రోటీన్ పోతోందని తేలింది. డాక్టరమ్మ వచ్చి, "తలనొప్పి, వాపు, ఈ నంబరు. ఇదేనమ్మా మనం కాచుకున్న దొంగ. వేళకి వచ్చారు. ఇంకో వారం ఆలస్యమైతే ఏమయ్యేదో నేను చెప్పలేను. ఆ రాత్రి మాత్ర వల్లే ఇన్నాళ్ళు ఆగిందేమో కూడా," అని, కొడుకు వైపు తిరిగింది. "మూణ్ణాలుగు రోజులుగా ఎక్కువుంటే ఎందుకు పంపలేదు?"

"నవ్వు బీపీ అనుకున్నామండీ," అన్నాడు కొడుకు కాళ్ళ వేళ్ళు చూసుకుంటూ.

ఇస్త్రీ నర్సు మొహంలో మొదటిసారి మడత పడింది. "నవ్వు బీపీ అన్నది మళ్ళీ కొలవమని నాయనా, పారెయ్యమని కాదు," అంది. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఎవరితోనూ ఆ మాట అననని లోపల ఒట్టు పెట్టుకున్నట్టే కనిపించింది.

గలగలని ఆసుపత్రిలోనే ఉంచేశారు. పోటు దించే మాత్రలు, రోజుకి ఇన్నిసార్లని కొలతలు, బిడ్డ కదలికలు లెక్కపెట్టడం. తలనొప్పి ముదిరినా, కళ్ళముందు మెరుపులు కనిపించినా, కుడి డొక్క పైన నొప్పెట్టినా క్షణం ఆగకుండా పిలవమన్నారు. వీలైనన్నాళ్ళు బిడ్డని లోపలే పెరగనిచ్చి, తొమ్మిదో నెల వస్తూనే కాన్పు చేసేద్దామన్నారు. మాత్రలు పట్టాయి. తలనొప్పి దిగింది. తలనొప్పి దిగాక గలగల అడిగిన మొదటి మాట మంచినీళ్ళు కాదు.

"బాబాయిగారూ, చివరింటికి నీళ్ళొచ్చాయా లేదా? ఇప్పుడైనా చెప్పండి."

వాల్వు గొంతు అప్పటికి కాస్త విచ్చింది. అయినా తల అడ్డంగా ఊపాడు. "బిడ్డ పుట్టాక."

"అదేంటి! నేను ఎన్ని నెలలు విన్నాను! నాకేమన్నా అయితే ఆ నీళ్ళ సంగతి తెలియకుండానే పోతానా?"

"నీకేం కాదు. అందుకే బిడ్డ పుట్టాక."

వరండాలోకి రాగానే పరుపులమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "ఏరా, చెప్పకూడదూ? నీ కథకి చివరంటూ ఉందా అసలు?"

"ఉందక్కా."

"మరి?"

"చెబితే నవ్వుతుంది. ఇప్పుడు దానికి పోటు పెరక్కూడదు."

పరుపులమ్మ నోరు తెరిచింది. "నీ కథకా! నవ్వడమా!"

"చాలా నవ్వొస్తుందక్కా. నాకైతే తలుచుకుంటే ఇప్పటికీ ఆగదు. అందుకే నాలుగో జాయింటు దగ్గర ఆపేస్తుంటా."

"ఇన్నేళ్ళూ మాకెందుకు చెప్పలేదురా?"

"అక్కడిదాకా ఎవరూ ఉండలేదు కదక్కా," అన్నాడు వాల్వు. నిష్ఠూరం లేదు ఆ మాటలో, వాల్వు కుడికి తిప్పితే మూసుకుంటుందన్నంత మామూలుగా అన్నాడు. పరుపులమ్మకి నోట్లో దారం పెట్టుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయి. తమ్ముడి మెడ చుట్టూ తువ్వాలు సర్ది, "బిడ్డ పుట్టాక ముందు వరసలో నేనే కూర్చుంటా," అంది.

తొమ్మిదో నెల రాగానే నొప్పులు రప్పించారు. పరుపులమ్మ వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతూ కనబడ్డ ప్రతి దిండునీ తట్టి, "దూది తక్కువ పెట్టారు," అని గొణిగింది. చేతులు ఊరుకోవడం లేదు పాపం. చివరికి లోపల్నించి ఒక ఏడుపు వినిపించింది. ఏడుపా అది? దూది మిషను! ఆడపిల్ల. కాస్త చిన్నగా ఉంది గానీ గొంతు మాత్రం ఈ ఇంటిదే. తల్లి క్షేమం, పిల్ల క్షేమం.

పరుపులాయన పట్టలేక దారిన పోయే ప్రతివాడితోనూ, "మా మనవరాలు, మా మనవరాలు," అన్నాడు. ఆయన వెనకాల ఈసారి పరుపు లేదు.

కాన్పయినంత మాత్రాన దొంగ ఊరు విడిచిపోయినట్టు కాదనీ, ఇంటికెళ్ళాక కూడా కొన్ని వారాలు కొలుస్తూనే ఉండాలనీ డాక్టరమ్మ చెప్పింది. మూడో రోజుకి నంబర్లు కుదురుగా ఉన్నాయి. ఆ సాయంత్రం అందరూ మంచం చుట్టూ చేరారు. వాల్వు స్టూలు లాక్కున్నాడు. కొడుకు ఈసారి గలేబులో దూరలేదు. పరుపులమ్మ మాటిచ్చినట్టే ముందు వరసలో కూర్చుంది.

"అయిదో జాయింటు కూడా విప్పాం. నీళ్ళున్నాయి. ఇక మిగిలింది చివరింటి ముందు పైపు మూతే. ఆ ఇంట్లో ఓ ముసలావిడ. నోట్లో ఒక్క పన్ను లేదు. బిందె పట్టుకుని నిలబడింది. మూత తీశాం. పైపు గరగరమంది, దగ్గింది. నీళ్ళకంటే ముందు ఏదో వచ్చి బిందెలో టంగున పడింది. చూస్తే ఏంటనుకున్నారు? కట్టుడు పళ్ళు! పై వరసా, కింద వరసా."

"ఎవరివి?" అంది గలగల, అప్పటికే పెదాలు వణుకుతూ.

"ఆఫీసరుగారివి! నెల్లాళ్ళ క్రితం ట్యాంకు తనిఖీకి ఎక్కి, లోపలికి తొంగిచూస్తూ తుమ్మారట. అందుకే ఆ జేబురుమాలు, ఆ జలుబూ. కానీ ఆయన ఆఫీసంతా చెప్పుకు తిరిగేవారు, ఈ వయసులో నా పళ్ళన్నీ సొంతం అని. ఇప్పుడు నావని ఎలా అంటారు? ఈలోగా ముసలావిడ ఆ పళ్ళు కడుక్కుని నోట్లో పెట్టేసుకుంది. అతికినట్టు సరిపోయాయి! ఆఫీసరుగారి మొహంలో మొహం పెట్టి, ఇంత నవ్వు నవ్వి, 'నా కుళాయిలో వచ్చాయి బాబూ, బాగున్నాయా నాకు?' అంది."

"ఆయనేమన్నారు?" అని అందరూ ఒక్కసారే అరిచారు.

"ఏమంటారు? రుమాలు వెనకాల నుంచి, 'బాగున్నాయమ్మా, చాలా బాగున్నాయి,' అన్నారు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా రోజూ ఆ వీధికి తనిఖీకి వెళ్ళేవారు, పళ్ళు క్షేమంగా ఉన్నాయో లేదో చూసుకోవడానికి. ఆవిడ ఆయన్ని చూసినప్పుడల్లా నవ్వేది."

అంతే. గలగల నవ్వు ఇన్ని వారాల తర్వాత మళ్ళీ విచ్చుకుంది. మంచం ఊగింది. పరుపులాయన గోడ పట్టుకున్నాడు. పరుపులమ్మ తమ్ముడి భుజం మీద తల పెట్టి, "ఒరేయ్, ఒరేయ్," అనడం తప్ప ఇంకో మాట అనలేకపోయింది. వాల్వు కూడా నవ్వాడు, తన కథకి నవ్వుతున్న మనుషుల్ని ఒక్కొక్కరినే చూసుకుంటూ.

సరిగ్గా అప్పుడే సాయంత్రం కొలతకి ఇస్త్రీ నర్సు వచ్చింది, చేతిలో పట్టీతో.

"ఇప్పుడు కొలిస్తే..." అంది.

"నవ్వు బీపీ!" అన్నారు అందరూ.

"నవ్వు ఆగేదాకా ఇక్కడే కూర్చుంటా. ఆగాక కొలుస్తా. ఎంతొస్తే అంతే రాసుకుంటా," అని ఆమె గోడ పక్కన కుర్చీ వేసుకుంది.

ఇది నా పనే కదా అన్నట్టు వాల్వు స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు. "ఇహ నాలుగో నంబరు వాల్వు సంగతి. అది మూడో నంబరు లాంటిది కాదు. దాన్నీ కుడికే తిప్పాలి. కానీ..."

గలగల ఊపిరి నెమ్మదించింది. పసిపిల్ల గుండ్రంగా ఆవలించింది. మొదటి జాయింటు, రెండో జాయింటు. పరుపులమ్మ వేలెత్తి తమ్ముణ్ణి ఆపింది. కానీ బటన్ నొక్కే చప్పుడు వినబడలేదు. తిరిగి చూస్తే ఇస్త్రీ నర్సు తల గోడకి ఆనించి, నోరు కొంచెం తెరిచి, పట్టీ ఒళ్ళో పెట్టుకుని హాయిగా నిద్రపోతోంది.

పరుపులమ్మ ఆమె ఒళ్ళోంచి పట్టీ మెల్లగా తీసి, కోడలి చేతికి చుట్టి, బటన్ నొక్కింది. నూటపద్దెనిమిది, డెబ్బయ్యారు. ఆ నంబరు చెప్పడానికి నర్సమ్మని లేపబోయి, ఆగింది. పక్కనున్న దిండు తీసి, రెండుసార్లు తట్టి, ఆమె తల వెనక పెట్టింది.